పంపుల కంపెనీ

మా అన్న మసూద్ ఏం పని చేసేవాడో చాలా ఏళ్ల పాటు మా ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలుసుకోవద్దని ఆయనే చెప్పాడు. బెంగుళూరులో కంపెనీ అని తెలుసు. అది సర్కారుదని తెలుసు. గేటు దగ్గర తుపాకులు పట్టుకున్న మనుషులు నిలబడి ఉంటారనీ తెలుసు. నీళ్ల పంపులు చేస్తారని చెప్పే చోట తుపాకులెందుకని మాకు అనుమానం రాకపోలేదు, కానీ అడగలేదు. ఆ కంపెనీ పేరు ఇప్పుడు కూడా నేను రాయను. అలవాటైపోయింది.

నా పేరు రఫీక్. హిందూపురంలో మోటార్లకు వైండింగ్ చేస్తాను. మా నాయన లాల్‌సాబ్ దూది ఏకి పరుపులు కుట్టేవాడు. ఆయన పోయేనాటికి అన్న హైస్కూల్లో ఉన్నాడు, నేను అంతకంటే చిన్నవాణ్ణి. మా ఇద్దరినీ పెంచింది మా అక్క సుగ్రా. పెనుకొండ బస్టాండు దగ్గర ఆమెకూ మా బావకూ ఒక హోటల్ ఉండేది. హోటలంటే నాలుగు బెంచీలు, ఒక పొయ్యి, పెద్ద బాణలి. పొద్దున నానబెట్టిన బొరుగుల ఉగ్గాని, బజ్జి. సాయంత్రం టీ. బావ పోయాక కూడా అక్క ఒక్కతే దాన్ని నడిపింది. అన్న అనంతపురంలో ఇంజనీరింగ్ చదివింది ఆ బాణలి పుణ్యమే. ఈ మాట అక్క ఏనాడూ అనలేదు. ఎవరో ఒకరు అనాలి కాబట్టి నేను అంటున్నాను.

తొంభై ఒకటిలో అన్నకు కంపెనీలో ఏదో కొత్త పని అప్పగించారు. పెనుకొండ వచ్చి, భోజనాలయ్యాక హోటల్ తలుపు దగ్గరికి వేసి, మా ఇద్దరినీ కూర్చోబెట్టాడు. అన్న ముఖం అంత సీరియస్‌గా నేను ఆయన పెళ్లిలో కూడా చూడలేదు.

"ఇంగ మీద నా పని గురించి ఎవురన్నా అడిగితే పంపుల కంపెనీ అని చెప్పండి. ఇంకా గుచ్చి గుచ్చి అడిగితే మాకేం తెలీదనండి. అంతే."

"మమ్మల్ని ఎవురడుగుతారప్పా? ఈడికొచ్చేవాళ్లు బజ్జీ యాడ చల్లారిపోతుందోనని చూసేవాళ్లే గానీ," అంది అక్క.

"వస్తారక్కా. తెలిసినోళ్ల మాదిరిగానే వస్తారు. స్నేహితులమంటారు, కలిసి చదువుకున్నామంటారు. తియ్యగా మాట్లాడతారు. నమ్మొద్దు. మా కంపెనీలో అందరి ఇండ్లల్లోనూ ఇదే మాట చెప్పిపెట్టుకోమన్నారు."

అక్క లేచింది. ఊళ్లోని బాబయ్య దర్గా వైపు తిరిగి, "బాబయ్య మీద ఆన. నా నోట్లోంచి ఒక్క మాట రాదు," అంది. అన్న అంతవరకూ అడగలేదు. కానీ మా అక్క ఏదైనా చేస్తే పూర్తిగా చేస్తుంది, సగంలో ఆగడం ఆమెకు చేతకాదు.

అడగని వాళ్లకు కూడా చెప్పడం మొదలుపెట్టింది. మా తమ్ముడు పంపుల కంపెనీలో పెద్ద ఆఫీసరని బస్టాండంతా చాటింది. దాంతో కొత్త తంటా వచ్చింది. ముదిగుబ్బ నుంచి ఒక రైతు వచ్చి, కంపెనీ ధరకు బోరు మోటారు ఇప్పించమని ఆమె బెంచీ మీద కూర్చుని కదలలేదు. అక్క అతణ్ణి నా దగ్గరికి పంపింది. ఆ తర్వాత ఇంకా చాలామందిని పంపింది. ఆ రకంగా దేశ రక్షణ వల్ల నా షాపుకు కూడా కాస్త బేరం తగిలింది. కాదనను.

అన్న మాత్రం మెట్టు మెట్టుగా ఎక్కుతూ పోయాడు. మేనేజర్, చీఫ్ మేనేజర్, డిప్యూటీ జనరల్ మేనేజర్, జనరల్ మేనేజర్. వరస నాకు సరిగా గుర్తుండేది కాదు. ప్రమోషన్ వచ్చినప్పుడల్లా ఆయన గొంతు కొంచెం తగ్గేది, దాన్ని బట్టి తెలుసుకునేవాణ్ణి. మేనేజర్‌గా ఉన్నప్పుడు ఫోన్‌లో అరిచేవాడు. జనరల్ మేనేజర్ అయ్యేసరికి రిసీవర్ చెవికి అదిమి పెట్టుకుంటే తప్ప వినబడేవాడు కాదు. అంత పెద్దవాళ్లు అరవనక్కర లేదట. పక్కవాళ్లే నిశ్శబ్దంగా ఉంటారట.

ఆ లోకం సంగతులు షాహిస్తా వదిన చెబితేనే నాకు తెలిసేవి. ఆమెది ధర్మవరం, పట్టుచీరల మగ్గాల ఇల్లు. దేన్నయినా తిరగేసి చూసే అలవాటు. కాలనీలో ఇల్లు పెద్దదయ్యేకొద్దీ ఇంటికొచ్చే మనుషులు తగ్గుతారని చెప్పేది. కుర్చీ వెనక తువ్వాలు ఎవరికి వేస్తారో, ఎవరికి వేయరో చెప్పేది. ఏడాదికోసారి పైవాడు కిందివాడి గురించి రహస్యంగా రిపోర్టు రాస్తాడనీ, అందులో ఏముందోనని యాభై దాటిన మగవాళ్లు నిద్రమాత్రలు వేసుకుంటారనీ చెప్పేది. పని తెలిసినవాళ్లు పని చేస్తూ ఉంటారు, ఢిల్లీ తెలిసినవాళ్లు ఢిల్లీ పోతూ ఉంటారు అనేది. మా అన్న పని ఉంటే తప్ప ఢిల్లీ పోయేవాడు కాదు. "ఒకసారి ఊరికే పోయి రాన్నా, కుతుబ్ మినార్ అన్నా చూసినట్టుంటాది," అని నేను ఎగతాళి చేసేవాణ్ణి.

రెండువేల నాలుగులో ఒక ఆదివారం ప్యాసింజర్ రైల్లో హిందూపురం వచ్చాడు. కారు లేదు, వెంట ఎవరూ లేరు. షాపులో నా స్టూలు మీద కూర్చుని, చుట్టడానికి పెట్టుకున్న రాగి తీగను వేళ్ల మధ్య తిప్పాడు.

"రఫీకూ, డైరెక్టర్ పోస్టు ఖాళీ అయితాండాది. ఇంటర్వ్యూకు పిలిచినారు."

"మంచిదే కదన్నా."

"ఈ ఒక్క కుర్చీ నాకు కావల్లనిపిస్తాండాది రా."

నేను తీగ కత్తిరించడం ఆపేశాను. మా అన్న నోట కావాలనే మాట విన్నది అదే మొదలు. చదువుకునే రోజుల్లో చెప్పులు తెగితే కూడా అడగలేదు ఆయన.

"జీతం కోసం కాదు," అన్నాడు. "పదమూడేండ్లుగా ఒక వస్తువు చేస్తాండాము. అదేందో నిన్ను అడగొద్దన్నాను కదా, అడగొద్దు. దాదాపు అయిపోయింది. ఆ కుర్చీలో నేను కూర్చుంటే అది ఈడనే తయారయితాది. నా తర్వాత పేరు ఉండే ఆయన కూర్చుంటే బయట దేశం నుంచి కొంటారు. ఆయన చెడ్డోడు కాదు, కొనడం సులభమని నమ్మినోడు. నా కింద మూడొందల మంది పిల్లోళ్లు ఉండారు. వాళ్లందరూ చేసింది గోడౌన్‌లో పడిపోతాది."

ఆ రోజు నుంచి ఆ కుర్చీ నాకు కూడా కావాలనిపించింది. నేను కూర్చునేది కాకపోయినా.

ఢిల్లీలో ఇంటర్వ్యూ బాగా జరిగింది. అన్న పేరే మొదట ఉందని నాగేంద్ర చెప్పాడు. నాగేంద్రది మడకశిర వైపు. కంపెనీలో ఉద్యోగుల వ్యవహారాలు చూసే విభాగంలో పనిచేస్తాడు, అన్నకు నమ్మకమైన మనిషి. ఇక మామూలు విచారణలు మిగిలాయన్నాడు. ఇంత పెద్ద పోస్టుకు సొంత ఊళ్లో కూడా విచారిస్తారట. అది ఉత్త లాంఛనమన్నాడు.

మేం ఎదురుచూశాం. వానలొచ్చాయి, పోయాయి. ఒకరోజు పేపర్లో చిన్న వార్త వచ్చింది. డైరెక్టర్‌గా రెండో పేరాయన వచ్చాడు.

కారణం కొన్నాళ్లకు గానీ తెలియలేదు. నాగేంద్రే కనుక్కుని చెప్పాడు. సర్వీసు కాగితాల్లో అన్న సొంత చిరునామా పెనుకొండలో అక్క ఇల్లు. ఆ చిరునామాలో అలాంటి మనిషే లేడని, చుట్టుపక్కల వాళ్లు కూడా ఎరగమన్నారని విచారణకు వచ్చినవాడు రాసి పంపాడట. మళ్లీ విచారించమని కంపెనీ నుంచి అడిగారు. రెండోసారి ఎవరో సరిగా చూసి అంతా సవ్యంగానే ఉందని రాశారు. కానీ కుర్చీని అంతకాలం ఖాళీగా ఉంచలేమని ఈలోగా రెండో పేరుకు ఇచ్చేశారు. మళ్లీ ఖాళీ వచ్చేసరికి అన్నకు సర్వీసు మిగలదు. రిటైర్మెంట్ దగ్గర పడినవాళ్లను ఆ కుర్చీలో కూర్చోబెట్టరట.

నాకు ఒళ్లు మండిపోయింది.

"పేరు చూసినారన్నా. మసూద్ అని ఉండేసరికి ఆపినారు. ఇంకేం కాదు."

"నోరు మూసుకో. ముప్పై నాలుగేండ్లు ఇదే పేరుతో పైకొచ్చినా."

"మరి ఆ ఇంట్లో నువ్వు లేవని ఎవుడు రాసినాడు? పెనుకొండలో నిన్ను ఎరగనోడు ఎవుడు?"

అన్న ముఖం పక్కకు తిప్పుకున్నాడు. నేను అన్న మాట ఆయన మనసులోకి కూడా వచ్చిందని దాంతో తెలిసింది. రాకుండా ఎలా ఉంటుంది? ఆ ఏడాదంతా నేను ఆ కోపాన్ని కడుపులో పెట్టుకుని తిరిగాను. షాపుకు ఫ్యాను పట్టుకొచ్చిన హెడ్ కానిస్టేబుల్‌తో కూడా గొడవ పెట్టుకున్నాను. పాపం, ఆయనకేం తెలుసు. ఈ సంగతులేవీ అక్కకు చెప్పలేదు. ఆమెకు తెలిసిందల్లా తన తమ్ముడు పంపుల కంపెనీలో పెద్ద ఆఫీసరని.

మరుసటి ఏడు మా మంజుకు, అంటే మా అమ్మాయి ముంతాజ్‌కు, పెళ్లి కుదిరింది. పట్టుచీరలకు ధర్మవరం బయలుదేరాం. వదిన ముందే పుట్టింటికి పోయి మగ్గాల దగ్గర చీరలు చూసి పెట్టింది. అన్న, నేను పెనుకొండలో రైలు దిగి అక్కను కారెక్కించుకున్నాం. కారు ఈరన్నది. అక్క హోటల్ పక్కనే అతని టాక్సీ స్టాండు, పొద్దున టిఫిను అక్క దగ్గరే. అన్న ముందు సీట్లో, అక్క, నేను వెనక.

ఊరు దాటగానే ఈరన్న నోరు విప్పాడు.

"సార్, మీ అక్క సామాన్యురాలు కాదు. మీకు చెప్పిందో లేదో."

"ఊరుకోరా ఈరన్నా," అంది అక్క. కానీ ముఖం వెలిగిపోయింది. చెప్పమన్నట్టే ఉంది ఆ ఊరుకోమనడం.

"పోయినేడు మామిడికాయలప్పుడు ఒకాయన వచ్చినాడు సార్. టక్ చేసుకుని, చేతిసంచి పెట్టుకుని. ఉగ్గాని తిన్నాడు, బాగుందన్నాడు, ఇంకో ప్లేటు పెట్టించుకున్నాడు. అప్పుడు మెల్లగా మీ పేరెత్తినాడు."

ఇక అక్క ఆగలేకపోయింది. ముందు సీటు పట్టుకుని వంగింది.

"అచ్చం నువ్వు చెప్పినట్టే వచ్చినాడు మసూదూ! ఒక్క అక్షరం తేడా లేదు. మసూద్ ఇల్లు ఇదే కదమ్మా, మేము అనంతపురంలో కలిసి చదువుకున్నామన్నాడు. నాకు గుండె దడదడమన్నాది. అయినా బయటపడలేదు. అట్లనా నాయనా, చదువుకునేటప్పుడు వానికి కాలు ఇరిగి మంచంలో ఉండె కదా, నువ్వు చూడ్డానికొచ్చింటివా అంటి. వచ్చినానమ్మా, ఆపిల్ పండ్లు గూడా తెచ్చింటినన్నాడు!" అక్క పగలబడి నవ్వింది. "కాలు ఎప్పుడిరిగిందిరా నీకు? దొంగ దొరికిపాయ. అట్లయితే నువ్వు చెప్పే మసూద్ వేరేనప్పా, ఆ కాలిరిగినోళ్లు ఎప్పుడో ఊరిడిచి పాయిరి, నాకుండేది ఒగడే తమ్ముడు, హిందూపురంలో మోటార్లు చుట్టుకుంటాండాడు అంటి."

"నన్నడిగినాడు సార్," అన్నాడు ఈరన్న. "మసూదా, ఆ పేరే వినలేదంటి. హోటల్లో ఉండేవాళ్లమంతా ఒకే మాట మీద నిలబడితిమి."

పెనుకొండ నుంచి నా షాపుకు బస్సులో గంట దారి. ఆ విచారణకు వచ్చినవాడు ఆ గంట ఖర్చు పెట్టి ఉంటే నన్ను చూసేవాడు, ముఖం పోలికలకు అన్నను చూసినట్టే ఉండేది. అతను తనెవరో చెప్పకూడదని చెప్పిన అబద్ధం, అక్క తన తమ్ముడెవరో చెప్పకూడదని చెప్పిన అబద్ధం, రెండూ ఎదురెదురుగా కూర్చుని ఉగ్గాని తిన్నాయి. ఇద్దరూ డ్యూటీ సరిగానే చేశారు.

"అక్కా, నీకేమన్నా..." అని నోరు తెరిచాను.

ముందు సీట్లోంచి అన్న చేయి పైకి లేచింది. వెనక్కి తిరగలేదు. ఆ చేయి అలాగే కాసేపు గాలిలో ఉంది.

"మంచిపని చేసినావక్కా," అన్నాడు. గొంతు ఎంత తగ్గిందంటే, అక్క "ఏమంటాండావు?" అని మళ్లీ అడిగింది. మళ్లీ అదే మాట కొంచెం గట్టిగా చెప్పాడు.

నాకు ఏడుపొచ్చింది. ఏడాదిగా మోసిన కోపం దించుకునే చోటు లేక కారు కిటికీలోంచి వేరుశనగ చేలు చూస్తూ కూర్చున్నాను. ధర్మవరంలో పెళ్లికూతురి చీరకంటే అక్క చీరకే ఎక్కువసేపు పట్టింది. అన్న ఒక్కొక్కటే విప్పించి, వెలుగులోకి తీసుకుపోయి చూసి, ఇది కాదు ఇంకోటి అన్నాడు. ఇంత చీర హోటల్లో కట్టుకుని బజ్జీలేయాల్నా అని అక్క గొడవ. కట్టుకుని వేయమన్నాడు అన్న.

తిరుగు ప్రయాణంలో, అక్కను దింపేశాక, స్టేషన్ ప్లాట్‌ఫారం మీద అడిగాను.

"చెప్పాల్సిండె కదన్నా."

"ఏమని చెప్తావు? నా మాట విన్నందుకు నా పని పోయిందనా?"

"పోయింది నిజమే కదా."

"నిజమే. అది తెలిస్తే ఆ దినం నుంచి ఆమె కొత్త మనిషికి ఒగ టీ గూడా పెట్టదు రఫీకూ. ఆ హోటల్లోనే ఆమె బతుకుండేది. నువ్వు నోరిప్పితే నాకు తమ్ముడివి కావు."

రైలొచ్చింది. ఆయన మామూలుగా పేపరు నాలుగు మడతలు పెట్టి చంకలో పెట్టుకుని ఎక్కాడు.

రెండువేల ఎనిమిదిలో అన్న రిటైరయ్యాడు. పూలదండ, శాలువా, వెండి పూత పూసిన ఒక విమానం బొమ్మ ఇచ్చారు. మరుసటి వారమే పెనుకొండ వచ్చాడు. నేనూ పోయాను. బేరం పలచబడే వేళ. అక్క పొయ్యి దగ్గర నిలబడి బొరుగులు పిండుతోంది. వయసు మీద పడినా పని ఎవరికీ ఇవ్వదు. అన్న బెంచీ మీద కూర్చుని చొక్కా చేతులు మడుచుకున్నాడు.

"అక్కా, ఇంగ నీకు చెప్పచ్చు. నేను ఏం చేస్తాంటినో."

అక్క చుట్టూ చూసింది. ఎవరూ లేరని చూసుకుని, చేతులు కొంగుకు తుడుచుకుని వచ్చి ఎదురుగా కూర్చుంది. చాలా ఏళ్లుగా ఎదురుచూసిన మనిషి కూర్చున్నట్టు కూర్చుంది.

"ఇమానం నేల మీదికి దిగేటప్పుడు దాని కడుపులోంచి చక్రాలు బయటికొస్తాయి చూడు. ఆ చక్రాలకు ఉండే కాళ్లు. అంత బరువు అంత జోరుగా వచ్చి పడినా ఇరగకూడదు. మన యుద్ధ ఇమానాలకు మనమే చేసుకోవల్లని మొదలుపెడితిమి. చేసినాము గూడా. అన్ని పరీక్షలకూ నిలబడినాయి."

అక్క కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "అయితే ఇప్పుడు మన ఇమానాలన్నీ నువ్వు చేసిన కాళ్ల మీదనే దిగుతాండాయా?"

"లేదక్కా. పోయిన నెలలో ఆ పని మూసేసినారు. బయట దేశానివి కొంటాండారు. మూసేసినారు కాబట్టే నీకు చెప్పచ్చు."

"మూసేసినారా?" అక్క లేచి నిలబడింది. "ఎందుకు? అన్నిటికీ నిలబడినాయంటివే?"

"పైన ఉండేవాళ్లు వద్దనుకున్నారు."

"నువ్వు పైకి పోయింటే ఉండేదా?"

 అన్నకు అబద్ధం చెప్పడం వచ్చు, అప్పుడు మాత్రం రాలేదు. "ఉండేదక్కా," అన్నాడు.

"మరి ఎవురో అడ్డం పడినారు. నీ మీద చాడీ చెప్పినారు. నాకు తెలుసు ఇట్లాంటివి." అక్క గొంతు హోటలంతా నిండింది. "నీ కష్టమంతా మన్నుపాలు చేసినారే, ఎవురైతే నీ పేరు చెడగొట్టినారో వాళ్ల నోరు పడిపోను! వాళ్ల నోట్లో..."

అన్న గబుక్కున లేచి ఆమె నోటికి చేయి అడ్డం పెట్టాడు. ఆ విసురుకు బెంచీ వెనక్కి పడింది.

"అనొద్దక్కా. నా మీద ఆన, అనొద్దు."

అక్క ఆ చేయి తోసేసింది. మా అన్న ముఖంలోకి ఆశ్చర్యంగా చూసింది.  నా వైపు తిరిగింది.

"ఏందిరా ఈయప్ప ఇట్ల చేస్తాండాడు? నువ్వన్నా చెప్పు రఫీకూ. నీకు తెలిసే ఉంటాది. ఎవురు వాళ్లు?"

పడిపోయిన బెంచీ ఎత్తి నిలబెట్టాను. అన్న నన్నే చూస్తున్నాడు.

"నాకేం తెలీదక్కా," అన్నాను.